మీకొచ్చిన నష్టమేమిటండీ?

అక్రమ కట్టడం మీద మునిసిపాలిటీకి ఫిర్యాదు చేసిన ప్రతివాడూ మన దేశంలో ముందుగా జవాబు చెప్పుకోవలసిన ప్రశ్న ఒకటుంది: "ఇంతకీ మీకొచ్చిన నష్టమేమిటండీ?" కట్టేవాడు అడుగుతాడు. వీధివాళ్ళు అడుగుతారు. ఇంట్లోవాళ్ళు అడుగుతారు. అర్జీ పుచ్చుకుని రసీదు ఇవ్వడానికే జీతం తీసుకుంటున్న ఉద్యోగి కూడా కళ్ళద్దాలు నుదుటిమీదికి తోసుకుని అదే అడుగుతాడు. రెండంతస్తులకు అనుమతి తెచ్చుకుని నాలుగు లేపినవాణ్ణి మాత్రం "ఎందుకు లేపావయ్యా?" అని అడిగే నాథుడుండడు. సంజాయిషీ ఇచ్చుకునే భారమంతా చూసినవాడి మీదే పడుతుంది. ఈ తలకిందుల న్యాయం మీద నాకు చాలాకాలంగా ఒళ్ళుమంటగా ఉంది. దాన్ని కాస్త ఇక్కడ వెళ్ళగక్కుకుంటాను. చదువరులు మన్నింతురుగాక.

ముందు మన భాష సంగతి చూద్దాం. ఫిర్యాదు చేసేవాడికి మనం ఇచ్చిన పేర్లన్నీ తిట్లే. చాడీలు చెప్పేవాడు, కొండేలు చెప్పేవాడు, ఓర్వలేనివాడు, పితూరీలు మోసేవాడు. ఈ చివరి మాట చిత్రమైనది. రంప పితూరీ అన్నప్పుడు అదే మాటకు తిరుగుబాటు అని అర్థం చెప్పుకుని గర్వపడతాం. పక్కింటి మీద పితూరీ అన్నప్పుడు మొహం చిట్లిస్తాం. దూరాన జరిగితే వీరత్వం, మన వీధిలో జరిగితే నీచత్వం. బడిలో పక్కవాడు కాపీ కొడుతున్నాడని చెప్పిన పిల్లవాణ్ణి తోటిపిల్లలు వెలివేసినట్టే, పెద్దయ్యాక మనం ఫిర్యాదీని వెలివేస్తాం. బడిలో కాపీ కొట్టినవాడి వల్ల గోడ కూలి ఎవడూ చావడన్న తేడా మాత్రం మనకు తట్టదు.

నిజానికి ఈ "మీకేం నష్టం" అనే ప్రశ్నకు సుప్రీంకోర్టు 1974లోనే జవాబు చెప్పింది. ఉడుపిలో ఒకాయన కల్యాణమండపమూ ఉపన్యాసశాలా కట్టుకుంటానని అనుమతి తెచ్చుకుని, తరువాత దాన్ని సినిమాహాలుగా మార్చుకోబోయాడు. ఆ ప్రాంతపు పట్టణ ప్రణాళిక ప్రకారం అక్కడ సినిమాహాలు కూడదు. అయినా పురపాలక సంఘం తలూపింది. ఆ వీధిలో ఉండే రామదాస్ షెణాయ్ కోర్టుకెక్కాడు. ఆయనకు అడిగే హక్కెక్కడిదన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు. నివాస ప్రాంతంలో చట్టవిరుద్ధంగా లేచే కట్టడం అక్కడి నివాసులు తమ ఆస్తిని అనుభవించే హక్కును దెబ్బతీస్తుందనీ, ప్రణాళికను అమలుచెయ్యడం పురపాలక సంఘపు విధి అనీ, ఆ విధిని నెరవేర్చమని అడిగే హక్కు నివాసికి ఉందనీ తేల్చింది. తీర్పు వచ్చి అర్ధశతాబ్దం దాటింది. మునిసిపల్ కార్యాలయాల గుమ్మం దాకా మాత్రం అది ఇంకా నడిచి రాలేదు.

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు కదా, అప్పోసప్పో చేసి కట్టుకుంటున్నవాడి నోటిదగ్గర కూడు తీస్తావా అని కొందరు నిలదీస్తారు. వాళ్ళతో నాకు పేచీ లేదు. మూడు గజాలు ఎక్కువ కట్టుకున్న వంటిల్లు గురించీ, మేడమీద వేసుకున్న రేకుల గది గురించీ అర్జీలు రాయమని నేనెవరికీ చెప్పడంలేదు. నూట యాభై గజాల స్థలంలో నాలుగంతస్తులూ, పైన ఒక పెంట్‌హౌసూ కట్టి, అంతస్తుకు నాలుగు గదులు అద్దెకిచ్చేవాణ్ణి సామెత చాటున దాక్కోనివ్వను. వాడు కడుతున్నది ఇల్లు కాదు, వ్యాపారం. అందులో లాభం వాడిది, ప్రమాదం అద్దెకున్నవాడిది.

సెట్‌బ్యాక్ అనే ఆ మూడడుగుల ఖాళీని చాలామంది ప్రభుత్వం తమ స్థలంలోంచి కొట్టేసిన ముక్కగా భావిస్తారు. ఆ ఖాళీలోంచే పక్కింటి వంటగదికి వెలుతురు వస్తుంది. వానచుక్క నేలలోకి దిగేది అక్కడే. మంట లేచిన రోజున నిచ్చెన ఆనించడానికి నిలబడే చోటు అదే. పక్కవాడు పునాది తవ్వినప్పుడు మన గోడ కింది మట్టి జారకుండా కాచే ఎడమూ అదే. 2024 నవంబరులో హైదరాబాదులోని సిద్దిఖ్‌నగర్‌లో పక్క స్థలంలో గుంత తవ్వుతుండగా ఇరుకు జాగాలో లేచిన బహుళ అంతస్తుల ఇల్లొకటి పక్కకు ఒరిగిపోయింది. జనం కట్టుబట్టలతో బయటికి పరుగెత్తారు. దాన్ని చివరికి యంత్రాలు పెట్టి పడగొట్టవలసివచ్చింది.

అంతకన్నా ఘోరమైనవి కళ్ళముందే ఉన్నాయి. 2016 డిసెంబరు 8 రాత్రి నానక్‌రామ్‌గూడలో కడుతున్న ఏడంతస్తుల భవనం కూలి 11 మంది చనిపోయారు. పొట్ట చేతపట్టుకుని వచ్చి, కడుతున్న చోటే తలదాచుకున్న కూలీలు వాళ్ళు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో ఒక భవనం అడుగున ఉన్న విద్యుత్ స్కూటర్ల దుకాణంలో లేచిన మంటా పొగా పై అంతస్తుల్లోని లాడ్జిని కమ్మి 8 మందిని బలితీసుకున్నాయి. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో జనం కాపురాలుంటున్న అపార్టుమెంటు కింది అంతస్తులో నిలవచేసిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని కనీసం 9 మంది పోయారు. డ్రమ్ములు రహస్యంగా ఉండే వస్తువులు కావు. ట్రాలీలో వస్తాయి, దొర్లిస్తుంటే చప్పుడు చేస్తాయి, వాసన వేస్తాయి. ఏడంతస్తుల భవనం ఒక్క రాత్రిలో మొలవదు. ఇలాంటివి వీధిలో అందరికీ కనిపిస్తూనే ఉంటాయి. "నాకేం నష్టం" అని తలొంచుకుని పోవడం మనకు అలవాటైన మర్యాద. నా దృష్టిలో అది ఇతరుల ప్రాణాలతో పాటించే మర్యాద.

నా అనుభవం ఒకటి చెబుతాను. ఊరి పేరూ మనుషుల పేర్లూ అవసరం లేదు. చదువుతున్నవారిలో సగం మంది ఇది తమ ఊరే అనుకుంటారు.

మా వీధిలో ఒక పాత పెంకుటింటిని పడగొట్టి పునాది తవ్వారు. అనుమతి ఉన్నది కింద ఒకటీ పైన రెండూ. తవ్విన గుంత మాత్రం ప్రహరీకి ఆనుకుని ఉంది, నాలుగువైపులా. స్తంభాల ఇనుము చూస్తేనే మేస్త్రీలకు తెలిసిపోతుంది ఎన్ని అంతస్తులు ఉద్దేశించారో. నేను మేస్త్రీని కాను కాబట్టి "అనుమతికి మించి కడుతున్నారని అనుమానంగా ఉంది, కొలిచి చూడవలసింది" అని మాత్రమే అర్జీ రాసి, ఒక సోమవారం ప్రజావాణిలో ఇచ్చాను. అది చదివిన ఉద్యోగి మొదటి మాట, "ఆధారాలు తెచ్చిండ్రా సార్?" రెండో మాట, "గీ గల్లీల అందరు గట్లనే కట్టిండ్రు గద, మీకేమైతుంది?"

ఆధారాలట! మంజూరైన నక్షా వాళ్ళ బీరువాలో ఉంది. కొలిచే టేపు వాళ్ళ చేతిలో ఉంది. పరాయివాడి స్థలంలో కాలుపెట్టి తనిఖీ చేసే అధికారం చట్టం వాళ్ళకిచ్చింది, నాకివ్వలేదు. అనుమానం చెప్పడం వరకే పౌరుడి పని. దాన్ని నిజమో అబద్ధమో తేల్చడానికే ఆ కుర్చీ వేశారు. పొగ వస్తోందని ఫోన్ చేసినవాణ్ణి "నిప్పు చూశావా?" అని అగ్నిమాపక కేంద్రం వాళ్ళు ఎదురడగరు కదా.

నాలుగో రోజు సాయంత్రం ఆ కట్టుకునే పెద్దమనిషి మా గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో ఫోను, ఫోనులో నా అర్జీ ఫోటో, కింద నా సంతకం. "సార్, ఇరుగుపొరుగోల్లం. నాకొక్కమాట చెప్తే అయిపోతుండె గద, ఆఫీసు దాకా ఎందుకు వోయిండ్రు?" అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు, బాధ ఉంది. నేను ఏదో పెద్ద ద్రోహం చేసినట్టు. ఆఫీసు ఫైలులో ఉండవలసిన కాగితం తన ఫోనులోకి ఎలా వచ్చిందన్నది అతనికి వింతగానే లేదు. టౌన్‌ప్లానింగ్ చైన్‌మన్ వచ్చి పోయాడు. పని మూడు రోజులు ఆగింది. నాలుగో రోజు రాత్రి దీపాలు పెట్టి స్లాబు వేశారు. కొన్ని వారాలకు నా అర్జీ వివరం వెతికి చూసుకుంటే "సమస్య పరిష్కరించబడినది" అని ఉంది. ఆ పరిష్కారం ఈనాడు నాలుగంతస్తుల ఎత్తున నిలబడి, మధ్యాహ్నం మూడు గంటలకే మా పెరట్లో నీడ పరుస్తోంది.

ఆ మూడు రోజుల్లో ఏ చేయి ఏ చేతికి ఏమిచ్చిందో నేను చూడలేదు, చూడనిది చెప్పను. కానీ ఇలాంటి చోట్ల ఫిర్యాదుకు పట్టే గతిని గురించి ఊళ్ళో అందరూ చెప్పుకునే మాట ఒకటుంది. అర్జీ వెళ్ళకముందు అధికారికి బేరమాడే ఆసరా తక్కువ. వెళ్ళిన తరువాత "పైనుంచి ఒత్తిడి ఉంది" అని చెప్పుకోవడానికి ఒక కాగితం దొరుకుతుంది. పౌరుడు చట్టాన్ని అమలుచెయ్యమని రాసిచ్చిన కాగితం చట్టాన్ని అమ్ముకునేవాడికి ధరల పట్టికగా మారిపోతుంది. కంచే చేను మెయ్యడమంటే మనకు తెలుసు. ఇక్కడ చేను గురించి మొరపెట్టుకున్నవాడి మొరను కూడా కంచే మేసేస్తోంది.

దీనికి తోడు ఫిర్యాదును వృత్తిగా పెట్టుకున్నవాళ్ళు కొందరున్నారు. కొత్త స్లాబు పడిన ప్రతి చోటా మర్నాడు ఒక కెమెరాతోనో, ఒక సమాచారహక్కు దరఖాస్తుతోనో ప్రత్యక్షమై, పైకం ముట్టగానే మాయమయ్యే జాతి. వాళ్ళు ఉన్నారన్నది నిజమే, వాళ్ళంటే నాకు అసహ్యమే. అయితే వాళ్ళను చూపించి అసలు ఫిర్యాదీలందరినీ దొంగలుగా జమకట్టడం ఎవరికి లాభమో ఆలోచించండి. బెదిరించేవాడి బతుకు రెండింటి మీద ఆధారపడి ఉంది. ఒకటి, అతిక్రమణ నిజంగా ఉండాలి. రెండు, చర్య తీసుకోవడమూ మానడమూ అధికారి ఇష్టంగా ఉండాలి. అర్జీ అందిన ఇన్ని రోజుల్లో కొలిచి, కొలతలు బహిరంగంగా పెట్టాలన్న నియమం ఒక్కటి నిజంగా అమలైతే, బెదిరించడానికి వాడి చేతిలో మిగిలేదేమీ ఉండదు.

ఇక ప్రభుత్వాల నిర్వాకం. 1998లో ఉమ్మడి రాష్ట్రంలో అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణ పథకం వచ్చింది. 2007 డిసెంబరు 31న 901వ నంబరు జీవోతో మళ్ళీ వచ్చింది. ఈసారి 1985 నుంచి 2007 డిసెంబరు 15 దాకా కట్టినవాటికి, అదీ ఒక్కసారికి మాత్రమేనన్నారు. 2015 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం 152వ నంబరు జీవో తెచ్చింది, ఆ ఏడాది అక్టోబరు 28 దాకా కట్టినవాటికి. అది హైకోర్టు గుమ్మంలో ఆగిందనుకోండి, అది వేరే కథ. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2015లో ఒకటి, 2019లో మరొకటి. "ఒక్కసారికి మాత్రమే" అనే మాటను ఇన్నిసార్లు అన్నవాళ్ళు ప్రపంచంలో తాగుబోతులు కాక మరొకరుంటారా? పథకం ప్రకటించిన ప్రతిసారీ ప్రభుత్వం, నియమం పాటించి మూడడుగులు వదిలినవాడితో "నువ్వు వెర్రివాడివి" అని అధికారికంగా చెబుతోంది. అర్జీ పెట్టినవాడి సంగతి చెప్పనే అక్కర్లేదు. అతనికి మిగిలేది పక్కింటివాళ్ళ పగ, పక్కింటివాళ్ళకు మిగిలేది క్రమబద్ధీకరణ పత్రం. ఖజానాకు వచ్చిన ఆదాయం గురించి మాత్రం లెక్కలు చెబుతారు. ఆ డబ్బుతో మంటలు వచ్చినప్పుడు ఫైరింజను దూరే సందు కొనగలరా?

నా కోపమంతా ఒక్కచోట పోగుపడేది కాలం దగ్గర. పునాది గుంత దశలో ఫిర్యాదు వింటే నష్టపోయేది ఒక్కడు. వాడికి కూడా పోయేది కొంత ఇనుమూ, కొంత కూలీ. అదే ఫిర్యాదు అందరూ కాపురాలు పెట్టాక వింటే నష్టపోయేది ఇరవై కుటుంబాలు. నోయిడాలోని జంట శిఖరాల కథే చూడండి. పక్క భవనాల్లో ఉండే నివాసుల సంఘం నక్షాలు చూపమని అడిగితే, అక్కడి అభివృద్ధి సంస్థ ఆ నక్షాలు చూపవచ్చునా అని సూపర్‌టెక్ సంస్థనే అడిగింది! అది వద్దన్నది, వీళ్ళు చూపలేదు. 16 మీటర్లు ఉండవలసిన ఎడం 9 మీటర్లే ఉందని నివాసులు మొత్తుకున్నారు. 2014లో అలహాబాదు హైకోర్టు కూల్చమన్నది, 2021 ఆగస్టు 31న సుప్రీంకోర్టు ఖాయం చేసింది, 2022 ఆగస్టు 28న కూల్చారు. మొదటి ఫిర్యాదుకే టేపు పట్టుకుని వెళ్ళి ఉంటే అంత బారూదు అవసరమయ్యేదా? 2020 జనవరిలో కేరళలోని మరడులో కూల్చిన అపార్టుమెంట్లదీ అదే వరస. సముద్రతీర నియమాలను ఉల్లంఘించినవాళ్ళు అమ్ముకుని పోయారు, కొనుక్కున్నవాళ్ళు సామాన్లు సర్దుకున్నారు.

మన దగ్గర 2024 జూలైలో హైడ్రా ఏర్పడ్డాక చెరువుల వెంబడి యంత్రాలు తిరిగినప్పుడు టీవీలో ఏడ్చినవాళ్ళలో రిజిస్ట్రేషను ఉన్నవాళ్ళున్నారు, ఇంటిపన్ను రసీదులున్నవాళ్ళున్నారు, బ్యాంకు అప్పు ఇంకా కడుతున్నవాళ్ళున్నారు. వాళ్ళందరికీ ఆ కాగితాలిచ్చింది ప్రభుత్వ శాఖలే. చెరువు గర్భంలో మొదటి మట్టి లారీ దిగిననాడు ఎవరో ఒకరు చెప్పి, ఎవరో ఒకరు విని ఉంటే వాళ్ళకా ఏడుపు తప్పేది. కాబట్టి ఫిర్యాదును క్రూరత్వమనేవాళ్ళు తేదీ చూసి మాట్లాడాలి. తొలినాడు చేసినది దయ. ఎవరూ పలకనందువల్ల చివరినాడు దిగే యంత్రమే క్రూరం. ఆ యంత్రానికి కూడా పద్ధతి ఉండాలని, 15 రోజుల నోటీసు లేకుండా కూల్చరాదని, 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు కట్టడి చేసింది. రహదారులూ జలవనరుల మీది ఆక్రమణలను అందులోంచి మినహాయించిందనుకోండి. ఆ తీర్పును నేను మనసారా ఒప్పుకుంటాను. ఫిర్యాదు చేసేవాడు కోరవలసింది కొలతనే, పగసాధింపును కాదు.

మరో నెలకే, 2024 డిసెంబరు 17న, మీరట్‌లో నివాస స్థలంలో దుకాణాలు కట్టిన కేసులో అదే కోర్టు ఇంకొన్ని ఆదేశాలిచ్చింది. మంజూరైన నక్షా నకలును కట్టడం సాగినన్నాళ్ళూ ఆ స్థలంలోనే అందరికీ కనిపించేలా ప్రదర్శించాలి. అధికారులు ఎప్పటికప్పుడు తనిఖీ చేసి ఆ వివరాలు నమోదు చెయ్యాలి. నివాసయోగ్యతా పత్రం లేనిదే కరెంటూ నీళ్ళూ ఇవ్వరాదు. ఆ పత్రం చూసుకున్నాకే బ్యాంకులు ఆ భవనం మీద అప్పివ్వాలి. తప్పుడు పత్రాలిచ్చిన అధికారుల మీద శాఖాపరమైన చర్య తీసుకోవాలి. నేను ఆ తీర్పు చదివాక మా ఊళ్ళో కడుతున్న భవనాల ముందు నడుస్తూ వెతికాను. దిష్టిబొమ్మలు కనిపించాయి, గుమ్మడికాయలు కనిపించాయి, సిమెంటు కంపెనీల ప్రకటనలు కనిపించాయి. నక్షా ఒక్క చోటా కనిపించలేదు. ఒక నకలు తీసి ప్లాస్టిక్ కవరులో పెట్టి గేటుకు కట్టడానికి ఎంత ఖర్చవుతుంది? అది కనిపిస్తే దారినపోయే ఏ చదువుకున్న కుర్రాడైనా అంతస్తులు లెక్కపెట్టగలడు. కనిపించకపోవడానికి కారణం కూడా అదే.

2020లో తెలంగాణ ప్రభుత్వం స్వీయధ్రువీకరణ చట్టం తెచ్చి, 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు దాకా ఇల్లు కట్టుకునేవాడి మాటనే నమ్మి వెంటనే అనుమతినిచ్చే పద్ధతి పెట్టింది. లంచం మెట్లు తగ్గాయి, సంతోషం. కానీ ముందు తనిఖీ తీసేసినప్పుడు తరువాతి తనిఖీ గట్టిగా ఉండాలి కదా. కట్టేవాడి మాటను నమ్మే ప్రభుత్వం, పక్కనున్నవాడి మాటను కనీసం వినదగినదిగా చూడాలని అడగడం అత్యాశా?

ఫిర్యాదీ పేరు గోప్యంగా ఉంచితే దొంగ అర్జీలు పెరుగుతాయని అధికారులంటారు. ఉంచినా నాకు అభ్యంతరం లేదు, ఉంచకపోయినా నా పేరు దాచుకునే అవసరం నాకు లేదు. ఒంటరిగా ఉండే ముసలావిడకు ఉంది. అదే భవనంలో అద్దెకుండేవాడికి ఉంది. అందరికన్నా ముందు తప్పు కనిపెట్టేది వాళ్ళే, అందరికన్నా తేలిగ్గా వీధిన పడేదీ వాళ్ళే. అర్జీ అబద్ధమైతే కొలిచిన టేపే ఆ సంగతి చెబుతుంది. దానికి సంతకం పెట్టినవాడి ఇంటి చిరునామాతో పనేమిటి?

రాయదలచుకున్నవారికి నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెప్పి ముగిస్తాను. పునాది దశలోనే రాయండి, గృహప్రవేశం దాకా ఆగకండి. అనుమతి సంఖ్య తెలిస్తే వెయ్యండి, లేకపోతే ఇంటి నంబరూ సర్వే నంబరూ చాలు. "అక్రమం" అనకుండా "అనుమానం" అనండి, కొలవమని అడగండి. తేదీ కనిపించేలా వీధిలోంచే ఫోటోలు తియ్యండి, వాళ్ళ స్థలంలో కాలుపెట్టకండి. నెల గడిచినా ఉలుకూ పలుకూ లేకపోతే 2005 నాటి సమాచారహక్కు చట్టం కింద 10 రూపాయలు కట్టి మూడు అడగండి: మంజూరైన నక్షా నకలు, తనిఖీకి వచ్చిన అధికారి హోదా, తనిఖీలో రాసుకున్న కొలతలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. అర్జీ ఇచ్చినప్పుడు రసీదు మీద ముద్ర సరిగ్గా పడిందో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. మా ఊళ్ళో సిరా లేని ముద్ర వేసి పంపుతారు.